గాజు గిన్నె అడుగున నెలవంక

పాత గాజు సామాను సేకరించే కుర్రవాళ్ళు ఈమధ్య నాకు ఫోన్లో ఫొటోలు పంపుతున్నారు. పూలకుండీ కావచ్చు, గిన్నె కావచ్చు, పక్షి బొమ్మ కావచ్చు, ముందు పంపేది మాత్రం అడుగు ఫొటోనే. కింద ఒక్క ముక్క రాస్తారు: "సార్, ఇది ఎవరి తయారీ?" నమస్కారం కూడా ఉండదు. నాకు కోపం రాదు. ఆ వయసులో నేనూ మనుషుల మొహాల కంటే పాత్రల అడుగులే ఎక్కువ చూశాను.

జవాబు రాసేముందు నేను వాళ్ళని ఒక ప్రశ్న అడుగుతాను. "ఇది ఎవరింట్లో ఉండేది? వాళ్ళు దీన్ని ఎలా కడిగేవారు?" చాలామంది నవ్వు బొమ్మ పంపి ఊరుకుంటారు. గాజు సంగతి అడిగితే గిన్నెలు తోమే సంగతి అడుగుతాడేమిటి ఈయన అనుకుంటారు కాబోలు.

ఆ ప్రశ్న నాకు ఎలా వచ్చిందో ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. తొమ్మిదేళ్ళ కిందట నేను రాసిచ్చిన ఒక కాగితం వల్ల ఒక మనిషి మాట పోయింది. తెలియక రాశాను, అంతవరకైతే సర్దుకోవచ్చు. తెలిసిన తరవాత కూడా నోరు విప్పలేదు. రాయాల్సింది అదే.

నేను పనిచేసిన దుకాణం గవర్నరుపేటలో ఒక పాత మేడ మీద ఉండేది. మా యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. కృష్ణా డెల్టాలో ఎక్కడ పాత మేడ పడగొడుతున్నా, ఎక్కడ మిల్లు యజమాని వారసులు వాటాలు వేసుకుంటున్నా ఆయన వెళ్ళి షాండ్లియర్లు, నిలువుటద్దాలు, గాజు సామాను కొనుక్కొచ్చేవారు. వాటిలో ఏది ఏ దేశంలో, ఏ కొలిమిలో, ఎవరి చేతిలో తయారైందో తేల్చడం నా పని. బయటివాళ్ళు కూడా తమ వస్తువులు తెచ్చి నాచేత కాగితం రాయించుకునేవాళ్ళు. మార్కెట్లో నాకు 'గాజు డాక్టరు' అని పేరు. వెక్కిరింపుగా మొదలైన ఆ పేరు తరవాత తరవాత నాకే ముద్దొచ్చింది.

ప్రతి వస్తువుకీ పెద్దాయన పుస్తకంలో ఒక పేజీ ఉండేది. ఆకారం, బరువు, రంగు, ముద్ర, అడుగు అని వరసగా గడులు. చివరి గడి పేరు 'ఇంటివాళ్ళ మాట'. నేను ఆ గడిలో ఎప్పుడూ ఒక అడ్డగీత గీసి వదిలేసేవాణ్ణి.

"ఆ గడి ఎందుకండీ?" అని ఒకసారి ఆయన్ని అడిగాను. "ఏ ఇంటికెళ్ళినా ఒకటే కథ. మా తాతకి దొర ఇచ్చాడు అంటారు. ఈ జిల్లాలో దొరలు అన్ని పంచిపెట్టి ఉంటే వాళ్ళ దేశంలో మంచినీళ్ళు తాగడానికి గ్లాసు మిగిలేది కాదు."

పెద్దాయన పడీ పడీ నవ్వారు. "అబద్ధమైనా రాసుకోవోయ్. గాజుకి నోరు లేదుగా, పాపం" అన్నారు. నేను రాయలేదు.

నా బిగింపుకి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పూలకుండీని ఐరోపాలోని బొహీమియా ప్రాంతపు పాత పనితనమని రాసిచ్చాను. హైదరాబాదులో కొన్నాయన దాన్ని పట్టుకుని స్వయంగా మా దుకాణానికి వచ్చారు. నిన్నగాక మొన్న ఉత్తరాదిలో ఊదిన గాజు అది. పాతదిగా కనిపించాలని ఎవరో దాని అడుగుని గరుకు కాగితం మీద పెట్టి గుండ్రంగా తిప్పారు. అందరి ముందూ ఆయన ఆ కుండీని నా బల్ల మీద బోర్లించి, "చదువుకోండి" అని వెళ్ళిపోయారు. ఆ తప్పు పెద్దాయన తన మీద వేసుకున్నారు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి నాకు ఒక సూత్రం పట్టుకుంది. నిజంగా పాతబడిన పాత్ర అలమరలో ఏళ్ళ తరబడి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి అడుగున గీతలు గజిబిజిగా ఉంటాయి. మోసగాడు తిప్పి అరగదీస్తే గీతలు చుట్లు చుట్లుగా, ఒకే తీరుగా ఉంటాయి. పుస్తకాల్లోనూ అదే ఉంది. చుట్లు కనబడితే ఇక నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు.

రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన గాజు సామాను బాగా సేకరించేవారు. ఆయన గోడౌన్ పటమటలో ఉంది. మాకు పెద్ద ఖాతాదారు. ఒక రోజు ఆయన మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న గాజు గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. బెత్తెడు ఎత్తు ఉంది. నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తిన చేతిరుమాలులాగా అంచు మడతలు మడతలుగా జారి ఉంది. పైన పాల తెలుపు, లోపల సముద్రపు ఆకుపచ్చ. ఒక మడత మిగతావాటి కంటే బాగా లోతుగా, దాదాపు అడుగుదాకా దిగింది. చూడగానే ఒళ్ళు జలదరించింది. ఇటలీలో వెనిస్ పక్కన గాజు పనికి పేరుపడ్డ ద్వీపం ఒకటుంది. ఇలాంటి రుమాలు గిన్నెలు ఆ ద్వీపంలో పుట్టినవే.

"ఎక్కడిదండీ?" అన్నాను.

"బందరు దగ్గర మన సరుకు చూసే చేపల వ్యాపారి ఒకడున్నాడు. వాడింట్లో జత ఉంటే ఒకటి అడిగి కొనుక్కున్నాను. మొన్న హైదరాబాదు నుంచి వచ్చిన స్నేహితుడు చూసి, అడుగు అరగదీసినట్టుంది, అనుమానమే అన్నాడండీ. అందరి ముందూ నా పరువు పోయింది. తేల్చండి."

"అతను ఏమని చెప్పాడు?"

"వాళ్ళ నాన్న బందరు రేవులో పడవ సరంగట. ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేస్తే సరుకు చేరేసేవాడట. ఓడ అధికారి ఎవరో ఇచ్చాడట."

నాకు నవ్వొచ్చింది. మళ్ళీ అదే దొర.

గిన్నెని తిరగేశాను. అడుగున ఆమ్లంతో వేసిన ముద్ర సగానికి పైగా చెరిగిపోయి ఉంది. దాని చుట్టూ గీతలు, చుట్లు చుట్లుగా, ఒకే తీరుగా. నా గుండె కుదుటపడింది. అవును, కుదుటపడింది. ఒక గొప్ప వస్తువు దొంగదని తేలితే ఒక కళాభిమాని బాధపడాలి. నాకు మాత్రం ఈసారి నన్నెవరూ మోసం చేయలేకపోయారన్న ఆనందం కలిగింది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. అడుగు అంచున ఒకచోట బొటనవేలి గోరంత మేర గీతలే లేవు. నెలవంక ఆకారంలో నున్నగా, కొత్త గాజులాగా ఉంది. గరుకు కాగితం మీద తిప్పితే అంచంతా అరగాలి. ఆ చోటు ఎందుకు మిగిలింది? భూతద్దంతో రెండు మూడు సార్లు చూశాను. జవాబు దొరకలేదు. దొరకని దాన్ని కాగితంలో రాయలేదు.

మా ఆఫీసులో ఫొటోలు తీసి, వస్తువులు ప్యాక్ చేసే ఆవిడ ఒకరుండేవారు. గుడివాడ వైపు మనిషి. అడుగు ఫొటో తీస్తూ, "మా అమ్మ ఇత్తడి చెంబు అడుగు అచ్చం ఇలాగే ఉంటుందండీ" అన్నారు.

"చెంబు సంగతి చెంబులవాళ్ళకి చెప్పండి" అన్నాను. పక్కవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వేసి కెమెరా మూసేశారు.

ఆ రోజే కాగితం రాసిచ్చాను. 'ఇటీవలి తయారీ. ముద్ర నకిలీది. పాతదిగా కనిపించేందుకు అడుగును ఉద్దేశపూర్వకంగా అరగదీశారు.' నా పని, వస్తువు చేసిన చెయ్యి ఏదో చెప్పడం. మోసం చేసిన చెయ్యి ఏదో చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. అయినా 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట వేశాను. రాసేటప్పుడు ఆ మాట చాలా హుందాగా అనిపించింది.

ఆ మాట నా కంటే ముందు బందరు చేరింది. తీరంలో చేపల వేలం పాట నోటి మాట మీద నడుస్తుంది. పడవ ఒడ్డుకి రాగానే గంపలు దింపుతారు, పాట పాడతారు. పాడినవాడు సరుకు ఎత్తుకుపోతాడు. కాగితం, సంతకం ఏమీ ఉండవు. అలాంటి చోట అబద్ధాలకోరు అని పేరు పడ్డవాడు పాటలో నిలబడలేడు. మేత వ్యాపారి ఆ తీరమంతా చెప్పుకొచ్చారు. ఊరి పెద్దలు, మా మనిషి తప్పు చేశాడో లేదో మా ఎదుటే తేల్చండి, చేశాడని తేలితే మేమే పాటలోంచి తీసేస్తాం అన్నారు. పటమట గోడౌన్ మీద హాల్లో ఒక ఆదివారం పంచాయితీ పెట్టారు. నన్ను రమ్మన్నారు. పెద్దాయన కూడా వచ్చారు.

హాలంతా మేత బస్తాల వాసన. తీరం నుంచి నలుగురు పెద్దలు వచ్చి ఒక వరసలో కూచున్నారు. చేపల వ్యాపారి కుర్చీ ఉన్నా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. బల్ల మీద గిన్నె, పక్కన నా కాగితం.

ఊరి పెద్ద నా కాగితం చదివించుకుని విని, "ఏరా, అరగదీశావా?" అని అడిగాడు.

"మా నాయన చేతికిచ్చింది ఇచ్చినట్టే ఇచ్చాను పెద్దయ్యా. గరుకు కాగితం పట్టించాల్సిన కర్మ నాకేంటి? పడవకి రంగేసేటప్పుడు తప్ప ఆ కాగితం మా ఇంట్లోకే రాదు."

"అదిగో!" అన్నారు మేత వ్యాపారి కుర్చీలోంచి లేచి. "ఉందని వాడే అంటున్నాడు!"

"పడవకండీ!"

"పడవకి వాడినవాడు గిన్నెకి వాడలేడా?"

ఇస్త్రీ చొక్కా మనిషి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. నిజం చెబుతున్నవాడికి ఎంత చెప్పాలో తెలియదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది.

ఆ సమయంలో అతని భార్య మెట్లెక్కి వచ్చింది. ఒడిలో తువ్వాలు మూట. బందరు బస్సు ఆలస్యమైందని చెప్పి, మూట విప్పి జతలో రెండో గిన్నె బల్ల మీద పెట్టింది. "ఇది ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ చూపించలేదు. గంగమ్మ ముందుండే గిన్నె. దీన్నీ చూడండి బాబుగారూ. ఇది దొంగదైతే అదీ దొంగదే" అంది.

కిళ్ళీ నములుతున్న ఒక పెద్దమనిషి ఆత్రంగా గిన్నె అందుకున్నాడు. ఆమె చటుక్కున లాక్కుంది.

"కిళ్ళీ చేత్తోనా బాబాయ్! పడవ నీళ్ళలోకి దిగేముందు పసుపు నీళ్ళు పోసే గిన్నె. కడిగి తెస్తానుండండి."

నేనూ లేచాను. జారి పగిలితే ఎలాగన్న భయం సగం, ఆ గొడవలోంచి కాసేపు బయటపడదామన్న ఆశ సగం. గోడౌన్ వెనక కుళాయి ఉంది. ఆమె అటూ ఇటూ చూసింది. నిప్పంటుకుంటే చల్లడానికి ఎర్ర బకెట్లలో ఇసుక వేలాడుతోంది. ఒక గుప్పెడు తీసుకుంది. నేల మీద పడి ఉన్న కొబ్బరి తాడు ముక్క పురి విప్పి పీచు చేసింది.

"అమ్మా, ఇసుకతోనా!" అన్నాను.

"మరి దేంతో తోముతారు? సబ్బు పెడితే గంగమ్మకి పనికిరాదు బాబుగారూ."

గిన్నెని బోర్లించి పట్టుకుంది. ఎడమచేతి నాలుగు వేళ్ళూ ఆ లోతైన మడతలో దూర్చి, బొటనవేలు అడుగు అంచు మీద గట్టిగా ఆనించింది. కుడిచేత్తో తడి ఇసుక పీచు పెట్టి గుండ్రంగా తోమడం మొదలుపెట్టింది. ఒకే తీరుగా, చుట్లు చుట్లుగా. బొటనవేలు ఉన్న చోటికి ఇసుక వెళ్ళడం లేదు.

నేను వంగి ఆమె ఎడమచేతి వైపు చూశాను.

"బొటనవేలు... ఎప్పుడూ అక్కడే పెడతావా?"

"ఇంకెక్కడ పెడతాను? ఈ మడతలో తప్ప చెయ్యి ఇమడదు కదా. కాపురానికొచ్చిన మొదటి వారమే మా అత్త పట్టించి చూపించింది. ఇలాగే పట్టు, జారిందంటే నీ మెడ ఇలాగే పట్టుకుంటాను అంది." ఆమె నవ్వింది. ఆ రోజు ఆ ఆవరణలో నవ్విన మనిషి ఆమె ఒక్కతే. "అడుగు తళతళలాడకపోతే గంగమ్మ అలుగుతుందట. శుక్రవారం శుక్రవారం రెంటినీ ముప్ఫై ఏళ్ళు ఆమె తోమింది, ఇరవై ఏళ్ళ నుంచీ నేను తోముతున్నా."

కడిగి నా చేతికిచ్చింది. తిరగేశాను. అంచు మీద అదే నెలవంక. చెరుగుతూ వస్తున్న అదే ముద్ర. ఈ గిన్నె మీద ద్వీపం పేరులో రెండక్షరాలు ఎక్కువగా మిగిలాయి. నకిలీ ముద్ర వేసేవాడు చెయ్యలేనంత సన్నటి అక్షరాలు. నేను గరుకు కాగితమనుకున్నది ఇద్దరు ఆడవాళ్ళ యాభై ఏళ్ళ శుక్రవారాలు.

ఆమె నా మొహం చూస్తోంది. "ఏమైంది బాబుగారూ?" అంది. "ఏమీ లేదమ్మా, పద" అన్నాను.

కుళాయి నుంచి హాలుకి ఇరవై రెండు మెట్లు. ప్రతి మెట్టు మీదా చెప్పాల్సిన వాక్యం కూర్చుకున్నాను. 'నేను పొరబడ్డాను.' రెండే మాటలు. పై మెట్టు ఎక్కేసరికి హాలంతా తలలు తిప్పి నన్నే చూస్తోంది. మేత వ్యాపారి చేతిలో నా సంతకమున్న కాగితం. ఆయన ఇంట్లో నేను కాదన్న వస్తువులు ఇంకా ఉన్నాయి, అన్నీ అదే సూత్రం మీద. ఇదొక్కటి కదిలితే అవన్నీ కదులుతాయి. హైదరాబాదు ఆయన బల్ల మీద కుండీ బోర్లించిన చప్పుడు మళ్ళీ వినబడింది. ఇప్పుడు తగిన కారణాల్లాగా రాస్తున్నాను గానీ, అప్పుడు అవి కారణాలు కావు, భయం.

"చూశారా బాబూ?" అన్నాడు ఊరి పెద్ద. "మాకు గాజు తెలీదు. చేప తెలుసు. మొప్ప ఎత్తి చూసి తాజాదో కాదో చెబుతాం. ఇక్కడ మొప్ప ఎత్తి చూసేవారు మీరే. మీరెంతంటే అంత."

"నా అభిప్రాయంలో మార్పు లేదు" అన్నాను.

ఆమె ఒక్కతే మెల్లగా అంది, "మీరు చూశారుగా బాబుగారూ."

ఏం చూశానో ఆమెకి తెలియదు. చూశానని మాత్రం తెలుసు. నేను తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను.

ఊరి పెద్ద అతని వైపు తిరిగాడు. "పొరపాటా, అబద్ధమా? చెప్పు. పొరపాటంటే ఒకరకం, అబద్ధమంటే ఇంకోరకం."

అతను భార్య చేతిలో గిన్నె వైపు చూశాడు. "మా నాయన అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదు. ఇంక మీకేది తోస్తే అది అనుకోండి" అన్నాడు.

"అయితే రేపటి నుంచి పాటకి రావద్దు" అన్నాడు పెద్ద. కోపంగా అనలేదు. అందుకే అది ఖాయమని అందరికీ తెలిసింది.

గవర్నరుపేటకి తిరుగు దారిలో బందరు రోడ్డు మీద కారు ఆగి ఉన్నప్పుడు పెద్దాయన అడిగారు. "కుళాయి దగ్గర ఏం జరిగిందోయ్?"

"ఏం లేదండీ. గిన్నె కడిగింది."

"ఊఁ" అన్నారు. ఆ తరవాత ఆయన ఏ వస్తువునీ నాకొక్కడికే వదిలిపెట్టలేదు. నేను తేల్చినదాన్ని పక్కన కూచుని మళ్ళీ ఒకసారి చూసేవారు. కారణం ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫొటోలు తీసే ఆవిడ మరుసటి వారం ఇంటి నుంచి వాళ్ళమ్మగారి ఇత్తడి చెంబు తెచ్చి నా బల్ల మీద బోర్లించి పెట్టారు. చుట్లు చుట్లుగా గీతలు. "చాలా బాగుందండీ" అని తిరిగిచ్చేశాను. ఆవిడ ఆ ఏడాదే ఉద్యోగం మానేశారు.

విచిత్రమేమిటంటే ఆ పంచాయితీ తరవాత నా పేరు పెరిగింది. ఆడమనిషి వచ్చి ఏడ్చినా ఆయన మాట మార్చలేదట అని చెప్పుకున్నారు. ఆమె ఏడవలేదు. అదొక్కటైనా సరిదిద్దుదామని చాలాసార్లు అనుకున్నాను. అది సరిదిద్దితే మిగతాదీ సరిదిద్దాలి కదా, ఊరుకున్నాను.

పెద్దాయన పోయి ఏడాది దాటింది. దుకాణం మూసేశారు. ఆయన పుస్తకాలు నా దగ్గరికి చేరాయి. ఒక మధ్యాహ్నం కూచుని తిరగేశాను. ఆయన రాసిన పేజీల్లో చివరి గడి నిండా మాటలే. 'ఈ సీసాలో కాటుక దాచేవారట.' 'పెళ్ళికూతురు విసిరితే అంచు విరిగిందట.' 'దొర ఇచ్చాడంటున్నారు, నమ్మను గాని చెప్పేటప్పుడు ముసలమ్మ మొహం బాగుంది.' నా పేజీల్లో అడ్డగీతలు. రుమాలు గిన్నె పేజీ వచ్చింది. అంటించిన ఫొటోలో నెలవంక స్పష్టంగా ఉంది. పక్కన నా అడ్డగీత. ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని మర్నాడు బందరు బస్సెక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టింది. "గాజు బాబుగారా" అంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నిలబడే చెప్పాను. ఆ రోజు కుళాయి దగ్గర ఏం చూశానో, మెట్లెక్కేటప్పుడు ఏం చెప్పాలనుకున్నానో, ఏం చెప్పానో. టైపు చేయించి తెచ్చిన కాగితం అందించాను.

ఆమె కాగితం తీసుకోలేదు. "ఇక్కడ నా చెవిలో చెబితే ఏం లాభం బాబుగారూ? ఆయన మాట నలుగురిలో పోయింది. రేపు పొద్దున పడవలొస్తాయి. పాట దగ్గరికొచ్చి చెప్పండి."

"వస్తాను."

"అప్పుడూ మెట్లెక్కేదాకా చెబుదామనే అనుకున్నారుగా" అంది. చేపలు తిరగేస్తూనే అంది.

రాత్రి బందరులో లాడ్జీలో ఉండి తెల్లవారేసరికి ఒడ్డుకి వెళ్ళాను. పడవలు వచ్చేశాయి. గంపల చుట్టూ జనం, ఐసు చప్పుడు, పాట కేకలు. అతను ఉన్నాడు. ఇంకొకరి సరుకుకి ఐసు కొడుతున్నాడు. జుట్టు నెరిసింది. ఒకప్పుడు పాట పాడిన చోటే తొమ్మిదేళ్ళుగా ఐసు కొడుతున్నాడని అప్పుడు తెలిసింది. వచ్చిన పని చెబితే ఊరి పెద్ద పాట ఆపించాడు. ఇసుకలో మెట్లు లేవు. గంపల మధ్యకి నడిచాను.

నా పేరు, నా పని చెప్పాను. ఆ గిన్నె అసలైనదని, అరగదీసింది మోసగాడు కాదని, శుక్రవారం శుక్రవారం తోమిన చెయ్యి అని, ఆ సంగతి పంచాయితీ నాడే నాకు తెలుసని, తెలిసీ అబద్ధం చెప్పింది నేనని, ఈ మనిషి కాదని. రెండుసార్లు చెప్పాను. గాలికి మొదటిసారి వెనకవాళ్ళకి వినబడలేదు.

ఎవరో కేక వేశారు. "తొమ్మిదేళ్ళ నాటి సరుకండీ! ఐసు కూడా లేకుండా తెచ్చాడు! ఎవరు పాడతారు?" జనం నవ్వారు. నేను తల దించుకోలేదు. ఆ మాటకి నేను తగినవాణ్ణే.

ఊరి పెద్ద నవ్వలేదు. చందువ చేపల గంప ఒకటి కాలితో ముందుకి జరిపి, ఐసు కొడుతున్న అతని వైపు చూశాడు. "ఏరా, పాడతావా?"

అతను సుత్తి కింద పెట్టాడు. గంప వైపు చూశాడు. "ఇవాళొద్దు పెద్దయ్యా. అలవాటు తప్పింది" అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆ గంప ఇంకెవరో పాడుకున్నారు.

తరవాత ఆమె నన్ను ఇంటికి రమ్మంది. గూట్లో గంగమ్మ పటం ముందు ఒకే గిన్నె ఉంది. మేత వ్యాపారి తిరిగిచ్చిన దాన్ని అతను ఆ వారమే సముద్రంలో వేసి వచ్చాడట. ఉన్నదాన్ని తిరగేసి చూశాను. తొమ్మిదేళ్ళ శుక్రవారాలకి ముద్ర పూర్తిగా పోయింది. ఒక్క అక్షరం లేదు. నెలవంక అలాగే ఉంది.

"ఇంతకీ ఎవరు చేశారండీ దీన్ని?" అంది. నా జీవితమంతా జనం నన్ను అడిగిన ప్రశ్న. చెప్పాను. ఇటలీలో వెనిస్ పక్కన నీళ్ళ మధ్య ఒక ద్వీపం ఉందని, తరతరాలుగా గాజు ఊదే ఇళ్ళు అక్కడున్నాయని, ఆ ఇళ్ళలో ఒకదాని ముద్ర దీని మీద ఉండేదని.

"నీళ్ళ మధ్యనుండేవాళ్ళే కదా, ఇసుకతో తోముతారని తెలీదా వాళ్ళకి? పేరు కాస్త లోతుగా చెక్కుకోవాల్సింది" అంది.

సంచిలోంచి పెద్దాయన పుస్తకం తీశాను. రాసిన తీర్పు కొట్టేసి సరైనది రాశాను. చివరి గడి దగ్గర ఆగి, "నువ్వు చెప్పమ్మా, రాస్తాను" అన్నాను. ఓడ, మామగారి పడవ, అత్త పట్టించిన పట్టు, ఇసుక, పీచు, అన్నీ చెప్పింది. రాసింది చదివి వినిపించమంది. చదివాను.

"శుక్రవారాలు అని ఊరుకున్నారు. పడవ నీళ్ళలోకి దిగే ప్రతి రోజూ తోముతాం. అదీ రాయండి."

రాశాను.

అతను గుమ్మంలో నిలబడి వింటున్నాడని నేను చూసుకోలేదు. చేతుల మీద ఐసు నీళ్ళు ఇంకా కారుతున్నాయి. "అమ్మినవాడు అబద్ధమాడలేదు. అది కూడా రాయండి" అన్నాడు.

పెద్దాయన పుస్తకంలో దానికి గడి లేదు. ఇంటివాళ్ళ మాట గడి అప్పటికే నిండిపోయింది. గీత దాటి, అంచు దాకా వెళ్ళి రాశాను. అతను దగ్గరికొచ్చి, రాసిన చోటు వేలితో తాకకుండా, వంగి చదువుకున్నాడు.